దూలం వెనక సాగిన గీత

ఆలూరు మండలంలోని ఒక ఊరికి నన్ను పంపింది నిరుడు కాదు, అంతకు ముందు ఏడాది, మార్చి చివర్లో. అప్పట్లో నేను కర్నూలులో ఒక చిన్న స్టూడియోలో పనిచేసేదాన్ని. పెళ్ళి మండపాలు, కాలేజీలు, ఆసుపత్రుల లోపలి భాగాన్ని ఫోన్‌లో గుండ్రంగా తిప్పి చూసేలా ఫొటోలు తీసి ఇవ్వడం మా పని. స్టూడియోలో మూడు మెట్లుండేవి. పైన ఫొటోగ్రాఫర్, కింద లైట్లు పట్టుకునే హెల్పర్, మధ్యలో ఆ ఫొటోలను కంప్యూటర్‌లో అతికించే ఆపరేటర్. నేను ఆ మధ్య మెట్టు. పెళ్ళిళ్ళ సీజను కాబట్టి ఫొటోగ్రాఫర్ దొరక్క, ఆ ఒక్క పనికి కెమెరా కూడా నా చేతికే ఇచ్చారు. తర్వాత స్టూడియో మూతపడింది, నేను ఆ వృత్తిలోంచి బయటికొచ్చేశాను. ఇరవై తొమ్మిదేళ్ళకే రిటైరయ్యానంటే స్నేహితులు నవ్వుతారు. కానీ చేతికి పట్టుబడిన పని ఒకటి వదిలేశాక, దాన్ని గుర్తు చేసుకోవడానికి పెన్షన్ అక్కర్లేదు.

ఫొటోలు అతికించడమంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పాలి. ఒక పెద్ద గోడ ఒక్క ఫొటోలో పట్టదు. దాన్ని ముక్కలుగా తీస్తాం. ప్రతి ముక్కలోనూ పక్క ముక్కలో ఉన్నదే మూడో వంతు మళ్ళీ రావాలి. దాన్ని మేం ఓవర్‌ల్యాప్ అంటాం. రెండు ఫొటోల్లోనూ ఉన్న మచ్చలు, మూలలు, పగుళ్ళు ఏవేవో సాఫ్ట్‌వేర్ వెతికి పట్టుకుని, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెడుతుంది. కూర్చున్నాక అతుకు కనపడకుండా కలపడం రెండో పని. ఆకాశం, గోడ రంగు లాంటి మెత్తని మార్పుల్ని వెడల్పుగా కలుపుతాం. గీతలు, అక్షరాల లాంటి సన్నని వాటిని చాలా ఇరుగ్గా కలుపుతాం, లేకపోతే ఒకే గీత రెండుగా కనపడుతుంది. వెలుతురు కొలతను మొదటి ఫొటోకి ఏది పెట్టామో చివరిదాకా అదే ఉంచాలి. అతుకు ఎక్కడుందో ఎవరూ చెప్పలేకపోతే ఆపరేటర్ మంచివాడని లెక్క. నేను మంచి ఆపరేటర్‌ని. ఆ సంగతి నాకు తెలుసు, నా నోరు కూడా అందరికీ చెప్పేది.

ఆ ఊళ్ళో ఆంజనేయస్వామి గుడి ముందు పాత రాతి మండపం ఒకటుంది. మూడు వరసల్లో మూడేసి చొప్పున తొమ్మిది అంకణాలు. అంకణమంటే నాలుగు స్తంభాల మధ్య చోటు. స్తంభాల మీద రాతి దూలాలు, దూలాల మీద బండలు, బండల అడుగున సున్నం పూసి దాని మీద వేసిన రంగుల బొమ్మలు. కప్పు కారుతోంది. గుడి కమిటీ పెద్ద సంజీవప్ప ఆలూరులో పత్తి వ్యాపారం చేసే మనిషి. బెంగళూరులో కట్టడాలు కట్టించే తన బావమరిది డబ్బుతో కొత్త హాలు కట్టిస్తానని ఊరిని ఒప్పించాడు. పాత మండపాన్ని ఎల్లుండి పొద్దున జేసీబీ పెట్టి దించేస్తారు. దించేముందు బొమ్మలన్నిటినీ ఫొటో తీసి, కొత్త హాల్లో పెద్ద ఫ్లెక్సీ కట్టాలి. నాకిచ్చిన పని అది.

ఆర్డరులో ఎనిమిది అంకణాలని రాసుంది. వెళ్ళి చూస్తే తొమ్మిదున్నాయి. తొమ్మిదో దాంట్లో ఏమీ లేదు పాపా, ఒట్టి మసి అన్నాడు సంజీవప్ప. ఈశాన్యాన ఉన్న ఆ అంకణం కింద పండగలప్పుడు పొయ్యిలు పెట్టి వందల మందికి వండుతారు. దాన్ని ఊరంతా పొయ్యంకణం అంటుంది. కప్పు పెనం అడుగులా ఉంది.

మిగతా ఎనిమిదికీ పేర్లున్నాయి. తేరు, అంటే రథోత్సవం, జరిగే రాత్రి భజనకి ఊళ్ళో ఒక్కో జట్టు ఒక్కో అంకణం కిందే కూర్చోవాలనేది అక్కడి కట్టుబాటు. గొర్రెలోళ్ళ అంకణం, మగ్గమోళ్ళ అంకణం, గానుగోళ్ళ అంకణం, ఇలా. తరతరాలుగా ఎవరి తల మీద ఏ బొమ్మ ఉందో అది వాళ్ళది. అందుకని మండపం దించాక ఎవరి బండలు వాళ్ళు ఇంటికి తీసుకుపోవాలని తీర్మానం చేసుకున్నారు. పొయ్యంకణం బండల్ని బడి దారిలో గుంతలు పూడ్చడానికి వాడతారు.

బొమ్మలు నాకు మొదటి చూపులో గొప్పగా అనిపించలేదు. వరసగా మనుషులు, ముందుకు వంగిన నడుములు, తలపాగాలు, ఎర్రమట్టి రంగు, నీలం. అన్ని అంకణాల్లోనూ మనుషుల చేతుల మధ్య నుంచి ఒక లావుపాటి పసుప్పచ్చ గీత పోతోంది. అదేమిటని అడిగాను. అడగకుండా ఉంటే బాగుండేది.

"గొర్రెలు కట్టే తాడు పాపా. మావోళ్ళు మందని తోలకపోతాండారు, సూడు" అన్నాడు గొర్రెలోళ్ళ పెద్దాయన.

"నీ తలకాయ. గొర్రె యాడుందిరా దాంట్లో?" అన్నాడు మగ్గం నేసే వెంకటప్ప. "అది పడుగు. ఈదిలో పడుగు చాపి పట్టుకున్యారు. మా తాత చెప్తాండె."

"పడుగంట! అంత లావు దారం నేస్తే ఆ చీర ఎవురు కడతారప్పా, ఏనుగా?" అన్నాడు పెద్దాయన.

గానుగోళ్ళు అది గానుగెద్దు పగ్గమన్నారు. సంజీవప్ప మాత్రం గొంతు తగ్గించి, తమ అంకణంలో ఉన్నది ఆదిశేషుడని, వీళ్ళకెవరికీ ఆ సంగతి తెలియదని నాతో చెప్పాడు.

కప్పుని ఫొటో తీయడానికి ఒక పద్ధతుంది. ఒకచోట నిలబడి కెమెరాని తిప్పితే దూలాలు ఒక్కో ఫొటోలో ఒక్కో చోటికి జరిగినట్టు కనపడతాయి, ఎందుకంటే అవి బొమ్మ కంటే మనకి దగ్గరగా ఉంటాయి. రైలు కిటికీలోంచి చూస్తే దగ్గరి స్తంభాలు పరుగెత్తి, దూరపు కొండలు కదలనట్టుండటం లాంటిదే ఇది. అందుకని కెమెరాని ఆకాశం వైపు తిప్పి ఒక చెక్కకు బిగించి, చెక్కని నేల మీద సుద్దగీత వెంబడి కొంచెం కొంచెం జరుపుతూ తీయాలి. పక్కల నుంచి ఎండ పడకుండా దుప్పట్లు కట్టించాను. పావురాలు నన్ను చంపుకుతిన్నాయి. ఒక ఫొటోలో దూలం మీద కూర్చున్న పావురం తర్వాతి ఫొటోలో ఎగిరిపోతే, అతికించినప్పుడు సగం పావురం వస్తుంది. రెక్క ఉండి తల ఉండదు. వాటిని తోలమంటే పిల్లలు ఈలలు వేశారు, అవి ఇంకా ఎక్కువ వచ్చాయి. నేను కేకలు వేశాను. అప్పుడు పిల్లలు కూడా ఎక్కువయ్యారు.

ఎనిమిదో అంకణం అయిపోయి, స్తంభానికి ఆనుకుని ఫోన్ చూసుకుంటుంటే ఒకామె చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. పేరు ఉరుకుందమ్మ. నలభై దాటిన మనిషి. మిరపకోతకి గుంటూరు వైపు పోయి అప్పుడే తిరిగొచ్చింది, వేళ్ళ చివర్లు ఇంకా ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. పండగ వంటలు చేసే కూలోళ్ళ జట్టుకి ఆమే పెద్ద.

"మాది తీయవా పాపా?" అంది, పొయ్యంకణం వైపు చూపిస్తూ.

ఆర్డర్ ఎనిమిదికే అన్నాను, ఫోన్‌లోంచి తలెత్తకుండానే.

"మా అత్త ఈడ వండింది, ఆమె అత్త ఈడే వండింది. మేమూ కప్పు కిందనే కూకుంటిమి గదా. అందురి బండలూ ఇండ్లకి పోతాంటే మాది గుంతలోకి పోతాది. ఫొటోలో అన్నా ఉండనీ."

సంజీవప్ప దూరం నుంచే అందుకున్నాడు. "ఏమమ్మా ఉరుకుందమ్మా, మసికి యాడన్నా ఫొటో తీస్తారా? పాపకి టైము లేదు."

"శానా లేదులే టైము. ఆ ఫోన్ రుద్దే టైములో మాది రెండుసార్లు తీసుందువు" అంది ఆమె.

నాకు కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆమె మీద అరవాల్సింది. కానీ అక్కడున్న వాళ్ళందరూ ఒక్కసారిగా నవ్వారు, సంజీవప్ప అందరికంటే గట్టిగా నవ్వాడు. దాంతో కోపమంతా ఆయన మీదికి మళ్ళింది. నా టైము ఉందో లేదో నేను చెబుతానని ఆయనతో అని, చెక్క ఎత్తుకుని పొయ్యంకణం కిందికి పోయాను. మసి వెలుతురుని మింగేస్తుంది కాబట్టి ఒక్కో చోట మూడేసి ఫొటోలు తీశాను. ఒకటి మామూలుగా, రెండు కెమెరా షట్టర్ ఇంకా ఎక్కువసేపు తెరిచి. లైటుని పక్క నుంచి వాలుగా పెట్టాను. కెమెరా వెనక తెర మీద నలుపు తప్ప ఏమీ కనపడలేదు. ఉరుకుందమ్మ తొంగి చూసి, చెంబు తీసుకుని పోయింది.

మర్నాడు పొద్దున సంజీవప్ప ఇంటి ముందుగదిలో ఫ్యాన్ కింద కూర్చుని అతికించడం మొదలుపెట్టాను. ఒక్కో అంకణం లోపల పని సులువుగా అయిపోయింది. సున్నంలో పగుళ్ళు బోలెడున్నాయి, సాఫ్ట్‌వేర్ వాటిని చకచకా పట్టుకుంది. చిక్కంతా ఫ్లెక్సీతో వచ్చింది. ఫ్లెక్సీకి అన్నీ కలిసి ఒక్క బొమ్మ కావాలి. కానీ ఒక అంకణానికీ ఇంకో అంకణానికీ మధ్య దూలం ఉంది. దూలం మీద బొమ్మ లేదు. అంటే ఈ పక్కదీ ఆ పక్కదీ రెండిట్లోనూ ఉండే మచ్చ ఒక్కటి కూడా లేదు. ఓవర్‌ల్యాప్ లేని చోట సాఫ్ట్‌వేర్ చేతులెత్తేస్తుంది. చేత్తో పెట్టాలి.

అలవాటు ప్రకారం దూలాలు తీసేసి, అంకణాల అంచులు ఒకదానికొకటి ఆనించి, అతుకు కనపడకుండా కలిపాను. చూడ్డానికి నీటుగా వచ్చింది. కానీ పసుప్పచ్చ గీత ప్రతి అతుకు దగ్గరా మెట్టు దిగినట్టు విరిగింది. ఒకచోట జానెడు పైకి, ఒకచోట జానెడు కిందికి. ఎంత లాగినా కుదరలేదు. ఒకటి సరిచేస్తే పక్కది చెడింది. మౌస్‌ని మంచం మీదికి విసిరేశాను. సంజీవప్ప భార్య కాఫీ తెచ్చి, మౌస్ తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

అప్పుడు దూలాలు ఎంత వెడల్పున్నాయో టేపుతో కొలిచి రమ్మని ఒకర్ని పంపాను. కొలత రాగానే అంకణాల మధ్య సరిగ్గా అంత ఖాళీ వదిలి, నల్లటి పట్టీలు పెట్టి చూశాను. ఇంకేం చేయాలో తోచక చేసిన పని అది.

గీత కలిసింది.

కలిసిందంటే తాకిందని కాదు, మధ్యలో నల్లపట్టీ అలాగే ఉంది. కానీ ఈ పక్క పట్టీలోకి వంపు తిరుగుతూ దూరిన గీత, ఆ పక్క ఎక్కడ తేలాలో అక్కడే తేలింది. కంటికి మోసం కావచ్చని కంప్యూటర్‌లో ఒక వంపుగీత తీసుకుని దాని మీద పరిచాను. మొదటి దూలం దాటింది. రెండో దూలం దాటింది. అడ్డం దూలాలు, నిలువు దూలాలు అన్నీ చూశాను. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు.

ఎవరో ఒక మనిషి, పరంజా మీద వెల్లకిలా పడుకుని, ముక్కుకి జానెడు దూరంలో ఉన్న సున్నం మీద గీస్తూ వచ్చాడు. దూలం అడ్డొచ్చింది. అక్కడ ఆగి, దిగి, అవతలి పక్కకి పరంజా మార్చి, ఎక్కి, మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ మధ్యలో రాయి వెనక కూడా అతని గీత సాగుతూనే ఉంది. ఆ బొమ్మ మొత్తాన్ని అతనెప్పుడూ ఒకేసారి చూసి ఉండడు. ఆ మండపంలో ఎక్కడ నిలబడినా దూలాలు, స్తంభాలు అడ్డమొస్తాయి, రెండు అంకణాలకి మించి కనపడవు. అతని తర్వాత కూడా ఎవరూ చూడలేదు. సంజీవప్ప ఇంటి ముందుగదిలో, నీలిరంగు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, నేను చూస్తున్నాను. ఫోన్ రెండుసార్లు మోగి ఆగిపోయింది.

అది తాడే. కానీ గొర్రెల తాడు కాదు, పడుగు కాదు, పగ్గం కాదు, పాము కాదు. ఎనిమిది అంకణాల మనుషులూ కలిసి లాగుతున్న రెండు మోకులు. రెండూ ఒకే వైపు, ఈశాన్యానికి, పొయ్యంకణంలోకి పోతున్నాయి.

పొయ్యంకణం ఫొటోలు తెరిచాను. మసి పలచగా ఉన్నచోట ఎర్రటి వెలుతురు కొంచెం దాటుతుంది, నీలం దాటదు. అందుకని ఫొటోలోని ఎరుపు పొరని మాత్రమే విడదీసి, చీకటి భాగాల్ని మెల్లగా పైకి తెచ్చాను. ముందు గుడ్డి మచ్చలు. తర్వాత ఒక పెద్ద గుండ్రం అంచు, మధ్య నుంచి ఆ అంచుకి పోయే ఆకులు. చక్రం. దాని పక్కన ఇంకో చక్రం. పైన తేరు అంతస్తులు ఒకదాని మీద ఒకటి. చక్రం ముందు, నేలకి దాదాపు ఆనేలా వంగి, రెండు చేతులతో ఏదో పట్టుకున్న మనిషి.

సాయంత్రం సంజీవప్ప ఇంటి టీవీని మండపానికి మోయించి, లాప్‌టాప్‌కి తగిలించి ఊరివాళ్ళకి చూపించాను. వాళ్ళు టీవీ వైపు కాదు, తలలెత్తి కప్పు వైపు చూస్తున్నారు. మళ్ళీ టీవీ చూసి, మళ్ళీ కప్పు చూసి.

"తేరు గదరా!" అన్నాడు మగ్గం వెంకటప్ప, గుడిలో ఉన్నట్టు మెల్లగా.

ఆ మెల్లదనం అలాగే ఉంటుందనుకున్నాను. ఉండలేదు.

"తేరుకి దగ్గిరుండేది మావోళ్ళే, సూస్కోండ్రి" అన్నాడు గొర్రెలోళ్ళ పెద్దాయన.

"దగ్గిరుండేటోళ్ళు ఏం లాగుతారప్పా? ముందుండేటోళ్ళు గదా లాగేది! మీవోళ్ళు ఊరికే పట్టుకుని ఫొటోకి నిలబడినట్టుండారు" అని మగ్గమోళ్ళ వైపు నుంచి ఎవరో అందుకున్నారు.

"ఆదిశేషుడు యాడికి పాయె సంజీవప్పా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. తమ అంకణం సంగతి ఆయన నాకొక్కదానికే కాక, ఇంకా చాలామందికి చెప్పాడన్నమాట.

వంగిన మనిషి చేతిలో ఉన్నదేమిటో నాకు అర్థం కాలేదు. ఆయుధమా అని అడిగాను. ఉరుకుందమ్మ టీవీకి మరీ దగ్గరగా వచ్చి నిలబడింది.

"చెక్క" అంది. "తేరు పక్కకి పోతాంటే చక్రం కింద చెక్క ఏసి తిప్పుతారు. నిలబెట్టేదీ దాంతోనే. అది పట్టుకునేటోడు లేకుంటే తేరు యాడ పోతాదో స్వామికే తెలుసు. ఇప్పుడు కూడా ఏసేది మావోళ్ళే గదా. పోయినేడు మా మరిది ఏసినాడు." ఆమె గొంతులో గెలిచిన ధ్వని లేదు. తెలిసిన వాళ్ళ ఇంటికి దారి చెప్పినట్టు చెప్పింది. తర్వాత తెర మీద ఆ మనిషి వీపుని వేలితో ఒక్కసారి తాకి, చేతిని కొంగులోకి లాక్కుంది.

సంజీవప్ప లేచి, తన అంకణం కింద మొదలుపెట్టి, తల పైకెత్తి, ఒక వేలు గాల్లో చూపిస్తూ మోకు వెంబడి నడిచాడు. దూలం వచ్చిన ప్రతిచోటా ఒక్క క్షణం ఆగి, అవతల అదే ఎత్తున మళ్ళీ అందుకున్నాడు. చివరికి పొయ్యంకణం కింద, బూడిదలో నిలబడ్డాడు.

"ఎవురి బండలు వాళ్ళు తీసుకపోతే ఏం వస్తాది?" అన్నాడు. "నా ఇంటికి మూరెడు తాడు. నీ ఇంటికి మూరెడు తాడు. తేరేమో గుంతలోకి."

వాదన చాలాసేపు జరిగింది. హాలు కావాలన్నవాళ్ళున్నారు, బావమరిది ఇస్తానన్న డబ్బు వెనక్కి పోతుందని భయపడ్డవాళ్ళున్నారు. సంజీవప్ప అక్కడే నిలబడి బెంగళూరుకి ఫోన్ చేశాడు. అవతలి గొంతు మా అందరికీ వినపడేంత గట్టిగా ఉంది. ఈయన "ఊఁ అప్పా, సరే అప్పా" అంటూనే వేరేదేదో చెప్పుకుంటూ పోయాడు. చివరికి తేలిందేమిటంటే, హాలు గుడికి అవతల ఖాళీ చోట లేస్తుంది, బావమరిది పేరు ఇంకా పెద్ద అక్షరాల్లో పడుతుంది. మండపం కప్పు మీద పాత గచ్చు తవ్వి కొత్తగా వేస్తారు. జేసీబీ వాడికి రావద్దని చెప్పారు.

తర్వాత ఫ్లెక్సీ మాట వచ్చింది. ఆ నల్లపట్టీలు తీసేసి అంతా కలిపేస్తే చూడ్డానికి బాగుంటుంది కదా పాపా, కంప్యూటర్‌లో అయితాది కదా అన్నాడు సంజీవప్ప. అవుతుంది. పట్టీల్లో తాడుని నేనే గీసి, మనుషుల్ని సాగదీసి, ఎవరూ కనిపెట్టలేనంత నున్నగా చేయగలను. చేయనన్నాను. ఆయన మళ్ళీ అడిగాడు. అవసరమైనదానికంటే గట్టిగానే చెప్పాను, గోడకి ఆనుకుని నిద్రపోతున్న ముసలాయన లేచి కూర్చున్నాడు. పట్టీలతోనే ప్రింటయింది.

వేసవి తర్వాత ఒకరోజు కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఉరుకుందమ్మ. నా నంబరు ఫ్లెక్సీ కింద సన్నగా ఉందట.

"నీ ఫొటో వల్ల మా పొయ్యిలు బయట పడినాయి పాపా. మండపంలో వండకూడదంట ఇంక, మసి పడ్తాదంట. ఎండలో వండి సస్తాండాము" అంది. "నీడకి రేకులు ఏయించమని సంజీవప్పకి చెప్పు. నువ్వు అరిస్తే ఇంటాడు. మేము అరిస్తే రేపంటాడు."

ఆయనకి ఫోన్ చేసి అరిచాను. రేకులు పడ్డాయని తర్వాత ఆమే చెప్పింది.

పనిలో చేరినప్పుడు అతుకు కనపడకుండా చేయడమే విద్య అని నేర్పారు. అది సగం విద్య. రెండు ఫొటోల్లోనూ ఒకే మచ్చ ఉంటే కలపాలి, ఎంత బాగా కలపగలిగితే అంత బాగా. లేకపోతే మధ్యలో ఎంత ఖాళీ ఉందో కొలిచి, అంత ఖాళీనే ఉంచాలి. ఒక్క వేలెడు తగ్గించినా అవతలి గీత తప్పు చోట తేలుతుంది.